గ్లాసున్నర బియ్యం

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నాకు యాభై మూడేళ్లు. ఖమ్మంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. మావారు పోయి వచ్చే నెలకి రెండేళ్లు. అబ్బాయికి పూణెలో ఉద్యోగం. ఇప్పటికీ సాయంత్రం ఇంటికి రాగానే కుక్కర్‌లో గ్లాసున్నర బియ్యం పోసేస్తాను. కడగబోతూ గుర్తొచ్చి సగం పైగా తీసి మళ్లీ డబ్బాలో వేస్తాను. ఆ ఉన్నది కూడా సహించదు. ఏడాదిగా రాత్రుళ్లు ఫోన్లో ఒక స్వామీజీ ప్రసంగాలు వింటున్నాను. చైనాలో పుట్టిన తావో మార్గం గురించీ, లావోత్సు గురించీ చెప్తారు. లోపల ఖాళీ అయిపొమ్మంటారు, ఖాళీ అయినవాడే జ్ఞాని అంటారు. నాకు లోపల ఏమీ లేదు గురువుగారూ. టీవీ పెట్టబుద్ధి కాదు, చీర కొనబుద్ధి కాదు, పండగ వచ్చినా పండగలా ఉండదు. అంటే నేను ఆ స్థితికి చేరినట్టేనా? చేరితే ఇంత బరువుగా ఎందుకుంది? మా అక్కేమో "సత్సంగంలో చేరు, యాత్రలకి వెళ్లు, ఏదో ఒకటి పెట్టుకుని ఆ ఖాళీ నింపుకో" అంటుంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మా పై వాటాలో గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయి ఒకతి ఉంది. నేను పంపిన గిన్నె తిరిగివ్వడానికి రెండుసార్లు తలుపు కొట్టింది. ఇంట్లో ఉండి కూడా తియ్యలేదు. ఎందుకో అది మాత్రం చాలా బాధగా ఉంది.
— ఒక సోదరి, ఖమ్మం

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివి పక్కన పెట్టాక కూడా ఆ గ్లాసున్నర బియ్యం నన్ను వదల్లేదు. రెండేళ్లయినా చేతికి ఇంకా ఇద్దరి లెక్కే గుర్తుంది. ముందు మీరడిగిన దానికి సూటిగా జవాబు చెప్పేస్తాను, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. మీరున్నది లావోత్సు చెప్పిన స్థితిలో కాదమ్మా, దుఃఖంలో. అదేదో తక్కువ స్థితి అని నేననడం లేదు. కానీ దాన్ని దాని పేరుతోనే పిలవాలి. దానికి జ్ఞానం అని పేరు పెట్టుకుంటే ఏడవడానికి కూడా మొహమాటం వస్తుంది. సాయం అడగడానికి నోరు రాదు.

మీ అక్కగారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన తెలుగువాళ్లకి ఖాళీ అంటే భయం. బియ్యం అయిపోయాయని మా అమ్మ జన్మలో అనలేదు, "బియ్యం నిండుకున్నాయి" అనేది. డబ్బా అడుగు కనిపిస్తుంటే నిండుకున్నాయి అనడమేమిటో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. దీపం ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. బయల్దేరేటప్పుడు ఖాళీ బిందె ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లేవాళ్లు మా ఇంట్లో. ఇలాంటి మాటల మధ్య పెరిగిన మనిషి చెల్లెలి ఇంట్లో చీకటి చూసి "నింపుకో" అనక ఇంకేమంటుంది? ప్రేమతోనే అన్నది.

అయితే మన భాషలోనే వెలితి అని ఇంకో మాట ఉంది. బిందె నిండా ఉండాల్సిన నీళ్లు ఒక చెంబెడు తగ్గితే అది వెలితి. ఉండాల్సింది, మొన్నటిదాకా ఉన్నది, ఇప్పుడు లేకపోతే వెలితి. కానీ బిందె లోపల నీళ్లు పట్టే చోటు ఉంటుందే, దాన్నెవరూ వెలితి అనరు. మీ ఉత్తరంలో ఖాళీ అన్న అర్థం వచ్చిన చోటల్లా వెలితి అని పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. ప్రతి వాక్యం సరిపోయింది.

ఇక లావోత్సు దగ్గరికి వద్దాం. ఆయన పేరు మీద ఉన్న తావో తే చింగ్ చాలా చిన్న పుస్తకం. 81 అధ్యాయాలు, చైనా లిపిలో సుమారు 5000 అక్షరాలు. క్రీస్తుకు పూర్వం 100 ప్రాంతంలో సీమా చ్యెన్ అనే చరిత్రకారుడు ఆయన కథ రాసిపెట్టాడు. లావోత్సు చౌ రాజుల కొలువులో పాత గ్రంథాలు భద్రపరిచే ఉద్యోగి అట. మీలాగే కాగితాల మధ్య బతికిన మనిషి అనుకోండి. రాజ్యం క్షీణించిపోతుంటే చూడలేక అన్నీ వదిలేసి వెళ్లిపోతుంటే, సరిహద్దు కనుమ దగ్గర కావలి అధికారి యిన్ షీ ఆపాడు. కనుమరుగైపోయే ముందు మాకోసం ఏదైనా రాసిపెట్టి వెళ్లండి అని అడిగాడు. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన సంగతి ఇదే. అన్నీ వదిలేసి వెళ్తున్న మనిషి కూడా, ద్వారం దగ్గర ఒకడు నిలబడి అడిగితే ఆగాడు.

పదకొండో అధ్యాయం మీరు ప్రసంగాల్లో వినే ఉంటారు. ముప్పై ఆకులు, అంటే చక్రం కమ్మీలు, దాని నడిబొడ్డున కలుస్తాయి, అక్కడ రంధ్రం ఉంటేనే ఇరుసు దూరి బండి నడుస్తుంది. మట్టితో కుండ చేస్తాం, పనికొచ్చేది లోపలి చోటు. తలుపులూ కిటికీలూ పెట్టి గది కడతాం, మనం మసిలేది గోడల మధ్య ఉన్న ఖాళీలో. ఇంతవరకు అందరూ బాగానే చెప్తారు. ఆఖరి వాక్యాన్ని మాత్రం తొందరలో దాటేస్తారు. ఉన్నదాని వల్ల లాభం, లేనిదాని వల్ల ఉపయోగం అని ఆయన రెండూ కలిపి చెప్పాడు. కుండ పగిలితే లోపలి ఖాళీ ఎక్కడికీ వెళ్లి జ్ఞానం అయిపోదు. పెంకులు మిగులుతాయి, అంతే. నిద్ర, తిండి, నలుగురు మనుషులు, చేతిలో పని, ఇవీ మీ కుండ గోడలు. మీరు రాసిన మూడు గంటల మెలకువ, అన్నం సహించకపోవడం నాకు గోడ మీద బీటల్లా కనిపిస్తున్నాయి. మీ స్వామీజీ చెప్పింది తప్పని అననమ్మా. ఆయన లోపలి చోటు గురించి చెప్పారు. గోడల గురించి మీకు ఎవరో ఒకరు చెప్పాలి కదా, అది నేను చెప్తున్నాను.

మీరడిగిన ప్రశ్ననే ఇరవై మూడు శతాబ్దాల కిందటి కథలో ఒక శిష్యుడు అడిగాడు. లావోత్సు తర్వాత తావో మార్గంలో అంత పెద్ద పేరు చువాంగ్‌త్సుది. ఆయన పుస్తకంలో నాలుగో అధ్యాయం ఒక కథతో మొదలవుతుంది. అందులో పాత్రలు చైనా గురువు కన్ఫ్యూషియస్, ఆయనకి ఎంతో ఇష్టమైన శిష్యుడు యాన్ హుయ్. పొరుగున ఉన్న వేయ్ రాజ్యంలో రాజు ప్రజల్ని పీడిస్తున్నాడని, వెళ్లి అతన్ని మారుస్తానని బయల్దేరతాడు శిష్యుడు. తలనిండా పథకాలు. ఇలా మాట్లాడతాను, అలా లొంగదీస్తాను అని ఒక్కొక్కటే చెప్తుంటే గురువు అన్నీ విని, నువ్వు ముందు ఉపవాసం చెయ్యి అంటాడు. "మాది పేద ఇల్లు. మద్యం, మాంసం ముట్టుకుని నెలలైంది. ఇది ఉపవాసం కాదా?" అని అడుగుతాడు యాన్ హుయ్. అది పూజలకి చేసే ఉపవాసం, నేను చెప్పేది మనసు చేసే ఉపవాసం అంటాడు గురువు. చూశారా అమ్మా, లేమి వల్ల వచ్చినదాన్ని సాధన కింద లెక్కెయ్యవచ్చా అన్నదే అతని ప్రశ్న కూడా. అతన్ని గురువు కోప్పడలేదు. చిన్నబుచ్చలేదు. అది వేరు, ఇది వేరు అని విడమరిచి చెప్పాడు.

మనసు ఉపవాసం అంటే ఏమిటో కూడా అక్కడే చెప్తాడు. చెవితో వినడం ఆపి మనసుతో వినమంటాడు. ఆ తర్వాత మనసుతో కూడా ఆపి ఊపిరితో వినమంటాడు. ఎందుకంటే ఊపిరి ఖాళీగా ఉంటుంది, వచ్చేవాటి కోసం వేచి ఉంటుంది. ఈ వేచి ఉంటుంది అన్న ఒక్క మాట దగ్గర నేను ఏళ్ల తరబడి ఆగిపోయాను. ఖాళీ చేసిపెట్టుకునేది ఎవరైనా వస్తే కూర్చోవడానికే. టీవీ పెట్టబుద్ధి కాకపోతే ఏం పోయింది, చీర కొనకపోతే ఏం పోయింది, వాటి గురించి నాకు దిగులు లేదు. మనిషి వచ్చి తలుపు కొడితే లేవలేకపోవడం దగ్గరే నేను ఆలోచనలో పడ్డాను. కానీ తియ్యనందుకు మీకు బాధ కలిగిందని రాశారు చూశారా, మొత్తం ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట అదే. ఆ బాధ కలిగిన చోట ఇంకా ఎవరో లోపలి నుంచి తలుపు వైపు చూస్తూనే ఉన్నారు.

ఇదంతా పుస్తకాలు చదివి చెప్తున్నది కాదు. మా అమ్మ పోయినప్పుడు నాకు నలభై దాటాయి. అప్పటికే పదిమందికి ధ్యానం నేర్పుతున్నాను. ఆ ఏడాది రోజూ గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. ఒంట్లో కదలిక లేదు, ఆలోచన లేదు, ఏడుపు లేదు. సాధన ఫలిస్తోందనుకున్నాను. ఒకరోజు మా చెల్లెలు అటక మీద నుంచి అమ్మ ట్రంకుపెట్టె దించమంది. దించాను. మూత తియ్యగానే కలరా ఉండల వాసన, మడత పెట్టిన నాలుగు నేత చీరలు, ఒక చీర మడతలో బస్సు టికెట్లు చుట్టి పెట్టిన రబ్బరు బ్యాండు. నేను లేచి వీధిలోకి వెళ్లిపోయాను. చీకటి పడేదాకా ఇంటికి రాలేదు. దెబ్బ తగిలిన చోట కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలియదు చూడండి, ఆ ఏడాదంతా నేను ధ్యానం అనుకున్నది ఆ తిమ్మిరి. మర్నాడు చెల్లెలూ నేనూ కూర్చుని చీరలు ఒక్కొక్కటే విప్పి చూసుకుని ఏడ్చాం. ఆ తర్వాతే నాకు కుదురుగా కూర్చోవడం వచ్చింది.

చువాంగ్‌త్సు భార్య పోయినప్పటి కథ కూడా మీ స్వామీజీ చెప్పి ఉంటారు. పరామర్శకి వచ్చిన స్నేహితుడు హుయ్‌త్సుకి ఆయన కాళ్లు చాపుకుని మట్టిపాత్ర మీద దరువేస్తూ పాడుతూ కనిపిస్తాడు. ఇదేం పద్ధతని స్నేహితుడు మందలిస్తాడు. ఈ కథ విని, జ్ఞాని అయితే ఏడవకూడదని చాలామంది అనుకుంటారు. ఆయన ఇచ్చిన జవాబు మొదటి మాట వినండి. ఆమె పోయిన కొత్తల్లో అందరిలా నాకు మాత్రం దుఃఖం కలగకుండా ఉంటుందా అంటాడు. పాట తర్వాత వచ్చింది. ముందు ఏడుపు వచ్చింది. ఆ వరస మార్చడం ఎవరి తరమూ కాదు. లావోత్సు కూడా ఇరవయ్యో అధ్యాయంలో తన గురించే చెప్పుకుంటాడు. అందరూ పెద్ద విందుకి వచ్చినట్టు, వసంతకాలంలో మేడెక్కినట్టు సంబరంగా ఉన్నారు, నేనొక్కణ్ణే ఇంకా నవ్వడం రాని పసిబిడ్డలా, తిరిగి వెళ్లడానికి ఇల్లు లేనివాడిలా ఉన్నాను అని. పండగ పండగలా లేదని మీరు రాసిన చోట నాకు ఈ అధ్యాయమే గుర్తొచ్చింది. ఆయన ఆ ఒంటరితనాన్ని దాచుకోలేదు. అలాగని దాని మీద బిరుదు కూడా తగిలించుకోలేదు.

మాది గోదావరి ఒడ్డు ఊరు. వానాకాలంలో నదికి ఎర్రనీరు వచ్చేది. బిందెతో తెస్తే చెయ్యి పెడితే చెయ్యి కనిపించేది కాదు. మా నాయనమ్మ సానరాయి మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి చిల్లగింజ అరగదీసేది. తెల్లటి గంధంలా వచ్చేది. దాన్ని బిందెలో వేసి ఒకసారి కలిపి మూత పెట్టి, ఇక దాని జోలికి వెళ్లొద్దనేది. నేను పిల్లవాణ్ణి, ఆగలేక మూత తీసి వేలు పెట్టి చూసేవాణ్ణి. మళ్లీ మొదటికి వచ్చేది. తెల్లారేసరికి మట్టంతా అడుగున పేరుకుని పైన నీళ్లు అద్దంలా ఉండేవి. లావోత్సు పదిహేనో అధ్యాయంలో అడిగింది ఇదే. బురద నీటిని కదపకుండా ఉంచి మెల్లగా తేటపడనివ్వడం ఎవరికి చేతనవుతుంది అని. 1993లో చైనాలోని హూబెయ్ రాష్ట్రంలో కువోత్యెన్ అనే చోట ఒక పాత సమాధిలో వెదురు బద్దల మీద రాసిన తావో తే చింగ్ ప్రతి దొరికింది. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతానిది, ఇప్పటిదాకా దొరికిన ప్రతుల్లో అన్నిటికన్నా పాతది. పుస్తకం మొత్తం అందులో లేదు కానీ ఈ బురద నీటి మాట ఉంది. నీళ్లకీ మనిషికీ మనం ఒకే మాట వాడతాం అమ్మా. నీళ్లు తేరుకుంటాయి, మనిషీ తేరుకుంటాడు.

కానీ మా నాయనమ్మ ఒక్క నిలకడనే నమ్ముకోలేదు, చిల్లగింజ కూడా అరగదీసింది. అది నేను పెద్దయ్యాక ఆలోచించాను. కొన్ని నీళ్లు ఊరికే ఉంచితే చాలు. కొన్నిటికి కాస్త గింజ పడాలి. మూడింటికి మెలకువ, అన్నం సహించకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం, మనుషులకి ముఖం చాటెయ్యడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకి చూపించుకోవాల్సిన లక్షణాలు. డిప్రెషన్ కావచ్చు, కాకపోవచ్చు. అది తేల్చాల్సింది నేను కాదు, మానసిక వైద్యులు. ఈ వారంలోనే వెళ్లండి. ఒక్కరే వెళ్లడానికి బెరుకుగా ఉంటే ముందు 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి నేరుగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. బతికి ఏం లాభం అన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈ సమాధానం పూర్తిగా చదవడం కూడా తర్వాత పెట్టుకోండి. ఇప్పుడే ఆ నంబరుకి ఫోన్ చేసి, అబ్బాయికి కూడా చెప్పండి. మందు వేసుకుంటే సాధన చెడిపోతుందనే మాట ఎవరన్నా నమ్మకండి. చిల్లగింజ వేసినంత మాత్రాన అవి గోదావరి నీళ్లు కాకుండా పోలేదు.

రాత్రి ప్రసంగాల గురించి ఒక మాట. లావోత్సు నలభై ఎనిమిదో అధ్యాయంలో, చదువుకునేవాడికి రోజూ ఏదో ఒకటి చేరుతుంది, తావోలో నడిచేవాడికి రోజూ ఏదో ఒకటి తగ్గుతుంది అంటాడు. ఏడాదిగా రాత్రికో ప్రసంగం అంటే మీ చెవుల్లో ఎంత చేరిందో చూడండి. ఖాళీ గురించిన మాటలైనా అవి మాటలే కదా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోతే ఇల్లు నిశ్శబ్దంగా ఉందన్న సంగతి తెలియకుండా గడిచిపోతుంది. అందుకే వింటున్నారేమో అని నాకు అనుమానం. ఒక నెల ఆపి చూడండి. స్వామీజీ మీద గౌరవం తగ్గించుకోమని కాదు. విన్నది కొంచెం అడుగున పేరుకోనివ్వండి.

దాని బదులు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే లైటు వెయ్యండి. ముందు లైటు. తర్వాత కిటికీ తెరిచి దాని దగ్గర పావుగంట కూర్చోండి. మంత్రం వద్దు, భంగిమ వద్దు, కుర్చీ చాలు. ఆకాశానికీ భూమికీ మధ్య చోటుని లావోత్సు కొలిమితిత్తితో పోల్చాడు. ఆ వెదురు బద్దల మీద ఇది కూడా ఉంది. తిత్తి లోపల ఖాళీయే, అయినా తరిగిపోదు, ఆడించిన కొద్దీ గాలి వస్తూనే ఉంటుంది. మీ ఊపిరి అలా వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని అలా ఆడనివ్వండి. మీవారు గుర్తొస్తే రానివ్వండి. ఏడుపు వస్తే ఏడవండి. వీధిలో కూరగాయల బండి అరుపు వినిపిస్తే విని, కరివేపాకు అయిపోయిందని గుర్తొస్తే లేచి వెళ్లి కొనుక్కోండి. ధ్యానం భంగమైందని అనుకోకండి. వచ్చినదానికి చోటివ్వడమే అక్కడ చెయ్యాల్సిన పని.

చేరినట్టేనా అని అడిగారు కదా. క్రీస్తుశకం 647లో చైనా చక్రవర్తి థాయ్‌త్సుంగ్ తావో తే చింగ్‌ని సంస్కృతంలోకి మార్చమని హ్యూయన్ త్సాంగ్‌కి ఆజ్ఞ ఇచ్చాడు. మన అమరావతి ఉన్న ధాన్యకటక ప్రాంతం చూసి వెళ్లిన ఆ యాత్రికుడే. కామరూప, అంటే ఇప్పటి అస్సాం ప్రాంతపు రాజు ఆ పుస్తకం కావాలని కబురు పెట్టాడట. తావో అన్న మాటకి సంస్కృతంలో ఏం పెట్టాలన్న దగ్గర పెద్ద వాదన జరిగింది. అక్కడున్న తావో పండితులు బోధి, అంటే జ్ఞానోదయం, అని పెట్టమన్నారు. హ్యూయన్ త్సాంగ్ ఒప్పుకోలేదు, మార్గ అని పెట్టాడు. ఆయన కారణాలు ఆయనకున్నాయి, బౌద్ధుల మాటని ఆయన ఇంకొకరికి ఇవ్వదలచుకోలేదు. కానీ నాకు మాత్రం ఆ మాటే సరైనదనిపిస్తుంది. తావో అంటే దారే. దారిలో ఉన్నవాళ్లకి చేరామా లేదా అన్న టెన్షన్ అక్కర్లేదు. మీరూ దారిలోనే ఉన్నారు, ప్రస్తుతం అది బురదగా ఉంది.

అక్కగారి మాట గురించి: మూడు సత్సంగాలు, నాలుగు యాత్రలు ఇప్పుడే పెట్టుకోకండి. మీవారి స్థానంలో కూర్చోబెట్టడానికి ఏది తెచ్చినా అది అందులో పట్టదు, మీకు అలసట మిగులుతుంది. ఆ వెలితి ఒక మనిషి ఆకారంలో ఉంది. అది అలాగే ఉంటుంది, కానీ రోజులు గడిచే కొద్దీ దాని చుట్టూ మసలడం అలవాటవుతుంది. అయితే వచ్చే నెల ఆబ్దికానికి అబ్బాయి ఎలాగూ వస్తాడు. అక్కగారిని ఒక పదిరోజులు ముందే వచ్చి ఉండమనండి. బీరువాలో మీవారి చొక్కాలు అలాగే ఉండి ఉంటాయి. అవి ఏం చెయ్యాలో ఇద్దరూ కలిసి చూసుకోండి, తొందరేమీ లేదు, ఒక్క అర తీసినా చాలు.

ఆ బియ్యం సంగతి. రోజూ పోసి తీస్తున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, చెయ్యి దాని పని అది చేస్తోంది. ఈ ఆదివారం మాత్రం గ్లాసున్నర పోసినప్పుడు తీయకండి. మెట్లెక్కి వెళ్లి ఆ అమ్మాయి తలుపు మీరే కొట్టండి. మొన్న ఒంట్లో బాగాలేక తియ్యలేకపోయానమ్మా అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు. గిన్నె తెచ్చుకుని, భోజనానికి రమ్మని చెప్పి రండి. పెద్ద వంటలేమీ పెట్టుకోవద్దు. పప్పు, ఆవకాయ, ఒక వేపుడు ఉంటే సరిపోతుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు వేళకి తినరు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా?